పొత్తమూ పొత్తూ



మొన్నటి యొక ఆదివారమునాడు, త్యాగరాయనగరములోని ఒక భోజనశాలలో, మేము ఆరుగురు మిత్రులము ఒక బల్ల చుట్టు కూర్చుండి, అరటియాకులు పరవవలసిన చోట ఆరు పుస్తకములు పరచుకొని, ఒకరితో నొకరు గట్టిగా వాదించుకొనుచుండగా, నీళ్ళు తెచ్చిన కుర్రవాడు గ్లాసులు పెట్టుటకు చోటు కానక, కొంతసేపు మా ముఖములవంక చూచి, “ఎగ్జామా సార్?” అని అడిగినాడు. మా తలలు నెరసినవి. మాలో ఇద్దరు ఉద్యోగవిరమణ చేసి పదేండ్లు దాటినది. అయినను కాదనుటకు మాకు నోరు రాలేదు.

ప్రతిమాసము ఒక నవల చదువుట, ఆ నవలకు తగిన భోజనము దొరకు హోటలు నొకదానిని ఈ చెన్నపురిలో వెదకి పట్టుకొని, అచ్చట భుజించుచు ఆ నవలను గూర్చి మాటలాడుకొనుట, ఇదియే మా వ్యాపకము. పుస్తకమును ఎన్నుకొన్నవారే భోజనశాలను గూడ ఎన్నుకొనవలెనన్నది మా యేకైక నియమము. అధ్యక్షుడు లేడు, చందా లేదు, పేరును లేదు. పేరు పెట్టుదమని యొకమారు యత్నించినప్పుడు, నిఘంటువులు చదువు వ్యసనము గల మా మిత్రుడొకడు, తెలుగున గ్రంథమునకు పొత్తమనియు, నలుగురు కూడి కుడుచుటకు పొత్తనియు పేళ్ళున్నవి గదా, ఒక్క ‘ము’ తప్ప ఈ రెంటికి భేదమే లేదని వాదించినాడు. వ్యుత్పత్తిశాస్త్రజ్ఞులు ఒప్పుకొందురో లేదో నేనెరుగను గాని, మాకు మాత్రము ఆ మాట నచ్చినది.

మా ఆరుగురిలో మిక్కిలి జాగ్రత్తగా చదువునది, ఈ నగరముననే పుట్టి, ఇంట తెలుగు మాటలాడుచు బడిలో తమిళము చదువుకొని, నలుబదవ యేట పాత చందమామలు ముందు పెట్టుకొని తెలుగక్షరములు నేర్చుకొన్న యొక గణితోపాధ్యాయిని. ఆమె యక్షరమక్షరము కూడబలుకుకొని చదువును గనుక, మేము గుక్కతిప్పక దాటిపోయిన వాక్యముల యొద్ద ఆమె నిలిచిపోవును. నిలిచిపోయి ప్రశ్నలు వేయును. ఏ నవలనైనను ఆమె మొదట అడుగునది ఒక్కటే ప్రశ్న: “ఇందులో అన్నం ఎవరు వడ్డించారు మాస్టారూ?” మొదట ఈ ప్రశ్నకు మేమందరము నవ్వితిమి. ఇప్పుడు నవ్వుట మానితిమి. ఎందుకు మానితిమో చెప్పుటకే నేటి యీ ప్రసంగము.

మా ప్రథమభోజనము రాజశేఖరచరిత్రమునకు జరిగినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో వివేకవర్ధనిలో ప్రకటింప మొదలిడి, 1880లో పుస్తకముగా వెలువరించిన ఆ గ్రంథమునుండి ఆరంభించుట తెలుగువారికి సహజమే గదా. పైగా పంతులుగారు 1919లో తుదిశ్వాస విడిచినదియు ఈ చెన్నపట్టణముననే. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు ఇటువంటి రచనకు ‘నవల’ యను పేరు పెట్టిరని చెప్పుదురు. కథానాయకుడు ధవళేశ్వరమున నుండు సంపన్నుడు. ఇంట ఎప్పుడును పంక్తులు తెగవు. పొగడువారికి, బంధువులమని చెప్పుకొని వచ్చువారికి లెక్కలేదు. ధనము పోయిన మరునాటినుండి ఆ గడప త్రొక్కువాడు లేడు. ఇట్టి గ్రంథమునకు తగినది నిండైన ఆంధ్రభోజనమని తలచి, తమిళమిత్రులు సైతము కందిపొడికిని నేతికిని ఆశపడి వరుసలో నిలుచుండెడి యొక మెస్సునకు వెళ్ళితిమి. కందిపొడి, గోంగూర, ముద్దపప్పు, గడ్డపెరుగు, అన్నియు దివ్యముగా నుండినవి. బిల్లు వచ్చినది. అప్పుడు మేమార్గురమును సెల్‌ఫోనులు తీసి, బిల్లును ఆరుచేత భాగించి, అప్పడమును రెండవసారి అడిగినవారెవ్వరో విచారించి, ఎవరి వాటా వారు చెల్లించితిమి. ఊరందరికి పెట్టి చెడిన మనుష్యుని కథకు ఇంతకంటె విరుద్ధమైన భోజనము మరియొకటి కలదా యని నాకు ఇల్లు చేరిన తరువాత తోచినది.

ఈ సందర్భమున ఒక చిత్రమును చెప్పక తప్పదు. పంతులుగారి నవలకు ప్రేరణ ఆలివర్ గోల్డ్‌స్మిత్ వ్రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ అని యెల్లరు నెరుగుదురు. ఆ గోల్డ్‌స్మిత్ అద్దె చెల్లింపలేక ఇంటియజమానురాలి నిర్బంధమున చిక్కి జాన్సన్ పండితునకు కబురంపగా, ఆయన ముందుగా ఒక గినీ నాణెమును పంపి, వెనువెంటనే తానును వచ్చి చూచునప్పటికి, గోల్డ్‌స్మిత్ ఆ గినీని మార్చి మదీరా ద్రాక్షాసవపు సీసా నొకదానిని తెప్పించుకొని త్రాగుచుండెనట! జాన్సన్ సీసాకు బిరడా బిగించి, ఇంకేమున్నదని యడిగి, గోల్డ్‌స్మిత్ చూపిన నవల వ్రాతప్రతిని తీసికొనిపోయి అరువది పౌనులకమ్మి అద్దె తీర్పించినాడు. ఆ నవలయే ఇది. తరువాత 1764లో లండనునందలి జెరార్డు వీధిలో టర్క్స్ హెడ్ అను పానశాలయందు జాన్సన్, రెనాల్డ్సులు స్థాపించిన, వారమున కొకరాత్రి కూడి భుజించుచు సంభాషించు గోష్ఠిలో తొలి తొమ్మండుగురు సభ్యులలో గోల్డ్‌స్మిత్ ఒకడు. అనగా మన తొలినవలగా పేరొందిన గ్రంథమునకు మాతృకను వ్రాసినవాడు మావంటివాడే. కాకపోయిన, బిల్లు పంచుకొనుటలో మాయంత నేర్పరి యైయుండడు.

మన నగరమునకును ఇట్టి గోష్ఠులు క్రొత్తవి గావు. పానగల్ రాజా రామరాయణింగారి పేర వెలసిన పార్కులో సాయంకాలమునందు మల్లాది రామకృష్ణశాస్త్రిగారు కూర్చుండగా, ఆయన చుట్టు చేరి వినువారి కథలు మా చిన్నతనమున పెద్దలనోట వింటిమి. అచ్చట భోజనము లేదు, మాటయే భోజనము. ఆ పిమ్మట మా యౌవనమునకు కెథెడ్రల్ రోడ్డునందలి ఉడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ ఉండెను. 1962లో చెట్లనీడల నడుమ వెలసిన ఆ హోటలులో కారుతలుపునకే పళ్ళెము తగిలించి ఇడ్డెనలు పెట్టెడివారు. కార్లు లేని మావంటి వారము లోపలి బల్లలయొద్ద ఒక్క కాఫీతో రెండు గంటలు గడపినను లెమ్మని యెవ్వరును అనలేదు. 2008లో అది మూతపడినది. 2010నుండి అచ్చట సెమ్మొళి పూంగా యను తోట యున్నది. తోటలో పూలు చూచుచు నడచుచున్నప్పుడు నా కాళ్ళు తమంతట తామే ఒక మూలకు తిరుగును. అచ్చట ఇప్పుడు బల్ల లేదు.

బారిష్టరు పార్వతీశమునకు జరిగిన భోజనమును గూర్చి క్లుప్తముగా చెప్పెదను. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు 1924లో తొలిభాగమును వెలువరించిన ఆ గ్రంథమున, మొగలితుర్రునుండి చెన్నపట్టణము మీదుగా సీమకు బయలుదేరిన ఆ మహానుభావుడు దొరల భోజనపద్ధతులతో పడిన తిప్పలెరుగని తెలుగువాడుండడు. మేమును దొరలనాటి ఫణితి గల యొక హోటలులో ఆరువిధముల చెంచాల ముందు కూర్చుండితిమి. అయితే మా సంకల్పము వ్యర్థమైనది. ఎందుకనగా మాకెవ్వరికిని ముల్లుచెంచా పట్టుట రాకపోలేదు. పార్వతీశము కాలమునుండి మనము ఆ విద్యలో కృతార్థులమైతిమి గనుక, హాస్యము పుట్టలేదు. చేతివ్రేళ్ళతో పప్పన్నము కలుపుకొనుటయే చేతగాని మా ఆరుగురిలో నొకరైన డాక్టరమ్మ మనుమడిని తీసికొనివచ్చి, అరటియాకు ముందు కూర్చుండబెట్టియుండినచో, ఆ నవలకు న్యాయము జరిగియుండెడిది.

వంగరచయిత శరత్‌బాబు దేవదాసును ఎన్నుకొన్నది ఆ డాక్టరమ్మయే. మనదేశమున తెలుగువారివలె శరత్తును తమవానినిగా చేసికొన్నవారు అరుదు. ఆయన తెలుగు రచయితయే యని భ్రమించిన పాఠకురాండ్రు మా మేనత్తల తరమున నుండిరి. అందులకు ముఖ్యకారకులలో చక్రపాణిగారొకరు. తెనాలి ప్రాంతపు ఆలూరి వెంకటసుబ్బారావుగారు, అనగా మన చక్రపాణిగారు, పిదప ఈ నగరమున నాగిరెడ్డిగారితో చేరి చందమామను, విజయావారి చిత్రములను లోకమునకిచ్చినవారు, యౌవనమున క్షయరోగపీడితులై మదనపల్లె ఆరోగ్యశాలలో నున్నప్పుడు, తోటిరోగి యొకనివలన వంగభాష నేర్చుకొనిరని ప్రతీతి. రెండు మంచముల నడుమ దగ్గుల మధ్య జరిగిన ఆ విద్యాభ్యాసము లేకున్నచో తెలుగిండ్ల అటకలమీద శరత్తు ఇంత సులభముగా ఎక్కియుండెడివాడు కాడేమో!

డాక్టరమ్మ మమ్ములను తీసికొనిపోయినది గ్రీమ్స్ రోడ్డు సందులకు. చికిత్సకై వంగదేశమునుండి వచ్చు రోగులకొరకును, వారి వెంట వచ్చు బంధువులకొరకును ఆ వాడలో వెలసిన చిన్నచిన్న భోజనశాలలు కలవు. పలకలమీద వంగలిపిలో వంటకముల పేళ్ళు వ్రాసియుండును. ఆవనూనె వాసన వీధివరకు వచ్చును. అన్నము, పప్పు, చేపలపులుసు, శాకాహారులమైన మాలో కొందరికి గసగసాలతో వండిన బంగాళాదుంపలు. మా ప్రక్క బల్లయొద్ద ఒక వృద్ధుడు ఎక్స్‌రేల సంచిని కుర్చీకి తగిలించి, తాను రెండు ముద్దలు తిని, తక్కినది పొట్లము కట్టించుకొని, పులుసు వేరుగా కట్టుమని రెండుమార్లు చెప్పి వెళ్ళిపోయినాడు. ఎవరికొరకో మేమడుగలేదు.

మా సంభాషణ అచ్చట పెద్దగా సాగలేదు. ఉపాధ్యాయిని మాత్రము తన ప్రశ్నను అడిగినది. ఈసారి జవాబును తానే చెప్పినది. శరత్తు నవలలలో ప్రతి స్త్రీయు ఎవరికో ఒకరికి వడ్డించుచునే యుండును, విసనకఱ్ఱ చేతబట్టి ఇంకొక ముద్ద తినుమని బ్రతిమాలుచునే యుండును. కాని పార్వతి దేవదాసును కోరిన కోరిక, ఒక్కమారు తన యింటికి వచ్చి సేవచేయు భాగ్యము నిమ్మని గదా, అతడు మాట యిచ్చెను గదా. మాట దక్కించుకొనుటకే ఆమె గ్రామమువరకు వచ్చి, గడప దాటక, ఆమెచేతి నీటిచుక్కైన లేక పోయెను గదా! “అంటే ఇది వడ్డించని అన్నం కథ మాస్టారూ,” అని ఆమె తన చేతిలోని ముద్దను ఆకులో విడిచినది. ముప్పది యేండ్లు పాఠము చెప్పినవాడను నేను. దేవదాసునుగూర్చి త్రాగుబోతుతనమని, కులగౌరవమని, కాలహరణమని యెన్నియో చెప్పియుంటిని. ఇది నాకు తట్టలేదు.

నాటినుండి హోటలును వెదకు పని కష్టమైనది. వంటకము ఎక్కడనైన దొరకును. ఆ వంటకమును ఎవరు, ఎవరికి, ఏ యధికారముతో, ఏ దయతో, ఏ బాకీతో పెట్టుచున్నారన్నది ధరలపట్టికలో నుండదు. నవలలోని అన్నము రుచివలన అన్నము కాలేదు, వడ్డించిన చేతివలన అయినదని మాకు అర్థమగునప్పటికి మాలపల్లి వంతు వచ్చినది.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు వెల్లూరు చెరసాలలో వ్రాసి, 1922లో వెలువడగా అప్పటి మద్రాసు ప్రభుత్వము నిషేధించిన ఆ నవలను చేపట్టిన దినముననే మాలో కలహము పుట్టినది. రామదాసు కుటుంబపు గుడిసె, కూలితగవులో సంగదాసు హత్య, ఊరికిని పల్లెకును నడుమనున్న దూరము: దీనికి ఏ భోజనము? బ్యాంకు ఉద్యోగము విరమించిన మా మిత్రుడు ఉత్సాహవంతుడు. ఒక పెద్దహోటలులో ఈ మధ్య చిరుధాన్యముల విందు పెట్టుచున్నారనియు, మట్టిమూకుళ్ళలో రాగిఅంబలి పోయుదురనియు, అది సందర్భోచితమనియు ప్రతిపాదించినాడు. డాక్టరమ్మ కళ్ళద్దములు తీసి బల్లమీద పెట్టినది. “ఏసీ గదిలో కూర్చుని వందలు పోసి అంబలి తాగుతామా అండీ? రామదాసు వింటే నవ్వుతాడు. నవ్వినా ఫరవాలేదు, సంగదాసు వింటే?” అని అడిగినది. ఉపవాసముండి చదువుదమని యొకరనిరి. వేడుకకై ఉపవాసముండుట మరింత అవమానమని మరియొకరనిరి. రెండు వారములు మా మధ్య ఫోనులు చల్లబడినవి. ఒక దశలో ఈ భోజనకల్పన యంతయు కడుపునిండినవారి చేష్టయేమో యను సందేహము నన్ను బాధించినది. ఆ సందేహము ఇప్పటికిని పూర్తిగా తీరలేదని దాపరికము లేక మనవి చేయుచున్నాను.

కడకు ఉపాధ్యాయిని తమ బడి యెదుటి అమ్మ ఉణవగమునకు రమ్మన్నది. చెన్నై నగరపాలకసంస్థ 2013 ఫిబ్రవరిలో ఆరంభించిన ఈ శాలలలో రూపాయికి ఒక ఇడ్డెన, అయిదు రూపాయలకు సాంబారన్నము, మూడు రూపాయలకు పెరుగన్నము అని వెల నిర్ణయించిరి. టోకెను తీసికొని, పళ్ళెము పట్టుకొని, ఎత్తైన స్టీలుబల్లలయొద్ద నిలుచుండి తినవలెను. వండువారును పెట్టువారును స్వయంసహాయక బృందముల స్త్రీలు. బీదలకొరకు వండిన అన్నమును మేము తినవచ్చునా యని వరుసలో నిలుచుండియే మేము గుసగుసలాడుకొనుచుండగా, గరిటె పట్టిన ఆమె మా వంతు రాగానే, మా బట్టలు చూడలేదు, మా ముఖములు చూడలేదు, పళ్ళెము చూచినది. చూచి, మా ముందరి రిక్షావానికి పెట్టినంతయే పెట్టినది. ఉపాధ్యాయిని ఆమెతో తమిళమున ఏదో అన్నది. ఏమన్నదో తరువాత అడుగగా, “చాలా? అని ఆవిడే అడిగిందండీ. చాలని చెప్పాను,” అన్నది. నవలను మేము ఆనాడు తెరువలేదు. ప్రక్కన ఆటోవాండ్రు తినుచు ఏదో క్రికెట్టు ఆటనుగూర్చి వాదులాడుకొనుచుండిరి.

తిరిగి వచ్చుచు దారిలో నాకు క్రీడాభిరామము జ్ఞప్తికి వచ్చినది. మంచనశర్మ, టిట్టిభసెట్టి యను ఇద్దరు మిత్రులు ఓరుగంటి వీథులలో దినమంతయు తిరిగి, లక్ష్మణవజ్ఝల పూటకూటింట కడుపార భుజింతురు. సన్నని వరియన్నము, గోధుమపిండివంట, చక్కెర, అప్పుడే కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు ఊరగాయలు, పెరుగు. ఇవన్నియు కలిసి ఒక్క రూక! సాహిత్యమున వినోదయాత్రయు భోజనశాలయు మిత్రసంభాషణయు ఒక్కచోట కూడిన ఘట్టమునకు మనము లండను వెళ్ళనక్కరలేదు. రూకకు అంతభోజనము పెట్టిన ఆ యింటికిని, రూపాయికి ఇడ్డెన పెట్టుచున్న ఈ శాలకును నడుమ ఎన్నియో శతాబ్దములు. కాని రెంటను అన్నము ముందే వెల చెప్పి పెట్టినదే, అయినను ఎవ్వరును చిన్నబుచ్చుకొనలేదు. పూటకూళ్ళు పెట్టుట మనవారు చులకన చేసిన వృత్తి. ఎందుకు చులకన చేసిరో నాకు బోధపడదు.

రాబోవు నెలకు నవలను విడిచి కావ్యమును చదువుదమని నిర్ణయించితిమి. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద, అందు విల్లిపుత్తూరున విష్ణుచిత్తుడు భాగవతులకు ఋతువును బట్టి పెట్టు భోజనములు. వేసవిని గోరువెచ్చని అన్నము, తియ్యని చారు, మజ్జిగపులుసులు, పలుచని అంబలి, చెఱకుపాలు, కొబ్బరినీరు. చలికాలమున మిరియముల ఘాటు కూరలు, ఆవపెట్టిన ఊరగాయలు, పాయసము, వేడినేయి. వానకాలమున కట్టెలు తడిసిపోవును గనుక టెంకాయచిప్పలతో మండించిన పొయ్యిమీద అన్నము, ఒలిచిన పప్పు, నాలుగైదు పొగపిన కూరలు, వడియములు, వరుగులు, పెరుగు. తడిసిన కట్టెల సంగతి తలచిన చక్రవర్తి ఇంకెవ్వడైన కలడేమో నాకు తెలియదు. విల్లిపుత్తూరు ఈ తమిళదేశపుటూరే. మనకు వానలు కార్తికమున గదా కురియునది, కావున వచ్చు నెలకు వానకాలపు భోజనమే సరియని తీర్మానించితిమి.

ఏ హోటలులో? గ్యాసు పొయ్యిలే గదా యెచ్చటను! మా యింటి మేడమీద రేకుల వసారాలో, టెంకాయచిప్పలతో, మనమే వండుకొందమని నేనంటిని. అందరును సమ్మతించిరి. అప్పుడు ఉపాధ్యాయిని పుస్తకమును తెరచి, విష్ణుచిత్తుని యింట నడిరేయి సైతము వినబడు మాటలున్న చోట వ్రేలుంచి చూపినది: కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేదు, మంచి యన్నమును గాదు, దయచేసి భుజింపుడని అతిథులతో పలుకు మాటలవి. “ఇవి అంటున్నది విష్ణుచిత్తుడు మాస్టారూ, మగవాడు. ఈసారి మేమిద్దరం కూర్చుంటాం. మీరు నలుగురూ వడ్డించండి,” అన్నది.

మగవారము నలుగురమును వెంటనే ఒప్పుకొంటిమి. నిన్న రాత్రి పదిగంటలకు బ్యాంకు మిత్రుడు నాకు ఫోను చేసి, వడ్డించువాడు ఆకుకు ఏ వైపున నిలుచుండవలెను, మొదట పప్పా కూరయా, ఉప్పు ఏ మూలను పెట్టుదురు అని అడిగినాడు. డెబ్బది యేండ్లుగా దినమునకు రెండుపూటల భుజించుచున్న మా యిద్దరికిని తెలియలేదు. నేను లోపలికి పోయి మా యావిడను లేపితిని.